గాలి వేగం కలపాలా, తీసెయ్యాలా?

డాలస్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యవద్దన్నారు. సొంత ఊరు గుంటూరు జిల్లా. తెలుగు మీడియంలో చదివి బీకాం పూర్తి చేశారు. పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళారు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒక్కడే అబ్బాయి, ప్రభుత్వ బడిలో తొమ్మిదో తరగతి, ఆల్జీబ్రా ఆనర్స్ క్లాసులో ఉన్నాడు. సమీకరణం ఇచ్చి సాధించమంటే టకటకా చేసేస్తాడట. కథలాగా మాటల్లో ఇచ్చే లెక్క, అంటే వర్డ్ ప్రాబ్లం కనబడితే మాత్రం పెన్సిల్ కింద పెట్టేస్తాడట. అందులోనూ విమానం, గాలి, దూరం అంటూ మొదలయ్యే లెక్కలంటే భయం.

ఈమధ్య జరిగిన పరీక్షలోని రెండు లెక్కలను ఆమె రాసి పంపారు. మొదటిది: ఒక విమానం కాలిఫోర్నియా నుంచి హవాయికి 2,400 మైళ్ళు ఎదురుగాలిలో 5 గంటల్లో వెళ్ళి, అదే గాలి వెనుక నుంచి తోస్తుండగా 4 గంటల్లో తిరిగి వచ్చింది. విమానం వేగమెంత, గాలి వేగమెంత? రెండోది: గాలి లేనప్పుడు గంటకు 400 మైళ్ళు వెళ్ళే విమానం, వెనుకగాలితో 900 మైళ్ళు వెళ్ళడానికి పట్టిన సమయంలోనే ఎదురుగాలిలో 700 మైళ్ళు వెళ్ళింది. గాలి వేగమెంత?

తండ్రి ఇండియాలో ఉండగా బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకున్నారు. పడవలు, ప్రవాహాల అధ్యాయంలో నేర్చుకున్న సూత్రాన్నే కొడుక్కి చెప్పారు. ప్రవాహంతో వెళ్ళే వేగం, ఎదురు వెళ్ళే వేగం రెండూ కూడి సగం చేస్తే పడవ వేగం, తీసేసి సగం చేస్తే ప్రవాహం వేగం. పడవ బదులు విమానం, నీటి బదులు గాలి, అంతే తేడా అన్నారు. అబ్బాయి మొదటి లెక్కలో 540, 60 అని రాశాడు. జవాబు సరైనదే గాని, ఎలా చేశాడో చూపించలేదని సగం మార్కులే వచ్చాయి. రెండో లెక్కలో 900, 700 కూడి సగం చేశాడు, తీసేసి సగం చేశాడు, గాలి వేగం 100 అని రాశాడు. సున్నా పడింది. సరైన జవాబు 50. తండ్రి తానూ చేసి చూసుకున్నారు, ఆయనకూ 100 వచ్చింది. చిరాకుపడి, ప్రశ్న సరిగ్గా దింపుకోలేదని అబ్బాయిని కేకలేశారు. "మా టీచర్ టేబుల్ వేసి చేస్తుంది, నాన్నేమో అదంతా టైమ్ వేస్ట్ అంటాడు. నేనెవరి మాట వినాలి? నేను మ్యాథ్ కిడ్‌ని కాదు, వదిలెయ్యండి" అని అబ్బాయి గది తలుపు వేసుకున్నాడు. ఆమె భర్త దగ్గరికి వెళ్ళి "అసలు ఆ వంద అంటే ఏంటి?" అని అడిగితే, "నీకు అర్థం కాదులే" అన్నారట.

ట్యూషన్ పెట్టించాలా, ఆనర్స్ మానిపించి మామూలు క్లాసుకు మార్చాలా, ఆయన్ని చదువు చెప్పడం ఆపమనాలా, లేక ఈ వయసులో తనే నేర్చుకుని దగ్గర కూర్చోవాలా అని ఆమె అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు: "మాస్టారూ, విమానం వేగం అంటే అసలు ఏ వేగం? గాలిని ఎప్పుడు కలపాలి, ఎప్పుడు తీసెయ్యాలి? ఇది నాకు ఎవరూ చెప్పలేదు."

అమ్మా,

మీరు చివర్లో అడిగిన దానితోనే మొదలుపెడతాను. అది తేలితే మీవారికి వచ్చిన 100 ఏమిటో తేలుతుంది. అక్కడి నుంచి మీ ఇంట్లో మిగతా చిక్కులు కూడా చాలావరకు విడిపోతాయి. మీరు అడిగిన "ఆ వంద ఏంటి" అన్న ప్రశ్న చాలా మంచి ప్రశ్న. పరీక్ష రాసిన పిల్లవాడు ఆ ప్రశ్న తనను తాను వేసుకుని ఉంటే ఆ లెక్క పోయేది కాదు.

విమానానికి రెండు వేగాలుంటాయి. ఇంజిన్లు విమానాన్ని దాని చుట్టూ ఉన్న గాలిలోంచి ముందుకు తోస్తాయి. ఆ గాలితో పోల్చి చూసినప్పుడు వచ్చే వేగం ఒకటి. లెక్కల్లో "గాలి లేనప్పటి వేగం" అని ఇచ్చేది ఇదే. రెండోది, కింద నేల మీద ఉన్నవాళ్ళ లెక్కలో విమానం గంటకు ఎన్ని మైళ్ళు దాటిందన్నది. ఊరి నుంచి ఊరికి దూరాన్ని నేల మీదే కొలుస్తాం కాబట్టి, దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది ఎప్పుడూ ఈ రెండో వేగమే. చుట్టూ ఉన్న గాలి మొత్తంగా కదులుతుంటే, విమానం దానిలో ఉంది కాబట్టి దానితోపాటు జరుగుతుంది. ఎయిర్‌పోర్టులో కదిలే బాట మీద నడిచినట్టే ఇది. మీ అడుగులు మారవు, బాట మీ దిక్కుకే కదిలితే గోడ మీది బోర్డులు త్వరగా దాటిపోతాయి, ఎదురు కదిలితే నెమ్మదిగా దాటుతాయి. అందుకని గాలి వెనుక నుంచి వస్తే విమానం వేగానికి కలపాలి, ఎదురొస్తే తీసెయ్యాలి. ఇంతకుమించి ఇందులో రహస్యం లేదు.

ఇది అబ్బాయికి పుస్తకంలో కాకుండా సొంత అనుభవంలోనే చూపించవచ్చు. మీరు ఇండియా వచ్చినప్పుడు డాలస్ నుంచి గల్ఫ్ దాకా వెళ్ళే విమానం ఎక్కి ఉంటే, ఆ టికెట్లు తీయండి. తూర్పుకి వెళ్ళేటప్పటికంటే పడమటికి తిరిగొచ్చేటప్పుడు గంటకు పైగా ఎక్కువ పడుతుంది. దూరం ఒకటే, విమానమూ ఒకే రకం. సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వీచే బలమైన గాలుల ప్రవాహాలు ఉంటాయి. వాటిని జెట్ స్ట్రీమ్ అంటారు. భూమి తిరగడం వల్ల విమానం కింద ఊరు దగ్గరికి జరుగుతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. అది నిజం కాదు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న వాతావరణమూ, అందులోని విమానమూ తిరుగుతూనే ఉంటాయి. తేడా తెచ్చేది గాలి. సీటు ముందు తెర మీద గ్రౌండ్ స్పీడ్ అని అంకె కనిపిస్తుంది చూడండి, అది నేల మీది వేగం.

2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వెళ్ళిపోయింది. మామూలుగా ఆరు గంటలకు పైన పడుతుంది. ఆ రోజు అట్లాంటిక్ మీద పెద్ద తుఫాను ఉంది, జెట్ స్ట్రీమ్ చాలా బలంగా వీచింది. నేల మీది వేగం ఒక దశలో గంటకు 825 మైళ్ళు చూపించింది. ఆ ఎత్తులో ధ్వని వేగం గంటకు 660 మైళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. అయినా ఆ విమానం ధ్వని వేగాన్ని దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ఎప్పటిలాగే వెళ్తోంది. మిగతాది గాలి మోసుకెళ్ళింది. ఈ ఒక్క సంగతి మీ అబ్బాయికి చెప్పి, "ఇందులో విమానం వేగం ఏది, గాలి వేగం ఏది?" అని అడగండి. ఆ తేడా చెప్పగలిగితే పరీక్షలోని రెండు లెక్కలూ అతనికి అందుతాయి.

ఇప్పుడు హవాయి లెక్క. టీచర్ వేసే టేబుల్ ఇదే: వెళ్ళడం ఒక వరుస, రావడం ఒక వరుస. ప్రతి వరుసలో వేగం, కాలం, దూరం. విమానం వేగాన్ని "వి" అనీ, గాలి వేగాన్ని "గా" అనీ అనుకుందాం. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి కాబట్టి వేగం వి − గా, కాలం 5, దూరం 2,400. వచ్చేటప్పుడు వేగం వి + గా, కాలం 4, దూరం 2,400. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం. కాబట్టి 5 × (వి − గా) = 2,400, అంటే వి − గా = 480. అలాగే 4 × (వి + గా) = 2,400, అంటే వి + గా = 600.

ఈ రెండు సమీకరణాలను కూడండి. గాలి పోతుంది, 2 × వి = 1,080, వి = 540. ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యండి. విమానం పోతుంది, 2 × గా = 120, గా = 60. చూశారా, మీవారి సూత్రం వచ్చేసింది. "కూడి సగం, తీసి సగం" అనేది టీచర్ పద్ధతికి వేరే దారి కాదు, ఆ టేబుల్ కింద చివరి రెండు పంక్తులే అది. గంటలో వంద ప్రశ్నలు చేయాల్సిన బ్యాంకు పరీక్షలో పై పంక్తులు రాసే తీరిక ఉండదు కాబట్టి కోచింగ్‌లో చివరి పంక్తి ఒక్కటే ఇస్తారు. అక్కడ అది సరైన పనే. అల్జీబ్రా క్లాసులో మార్కులు ఉన్నది పై పంక్తులకు. ఎందుకంటే టీచర్ చూడాలనుకుంటున్నది పిల్లవాడు కథని సమీకరణంగా మార్చగలడా లేదా అన్నది. 540 అనే అంకె ఆవిడకు ముందే తెలుసు.

ఇక రెండో లెక్క. ఇక్కడ నిదానంగా చదవండి, మీరు అడిగిన వంద ఇందులోనే ఉంది.

ఈసారి ఇచ్చింది రెండు వేగాలు కాదు, రెండు దూరాలు. సమయం ఎంతో చెప్పలేదు, రెండింటికీ ఒకటే అని మాత్రం చెప్పారు. ఆ తెలియని కాలాన్ని "కా" అందాం. వెనుకగాలి వరుస: (400 + గా) × కా = 900. ఎదురుగాలి వరుస: (400 − గా) × కా = 700. ఇవి రెండూ కూడితే గాలి ముక్కలు కొట్టుకుపోయి 800 × కా = 1,600 మిగులుతుంది. కా = 2 గంటలు. అప్పుడు వెనుకగాలి వేగం 900 ÷ 2 = 450, అందులో విమానం వేగం 400 పోతే గాలి 50. సరిచూడండి: 450తో 900 మైళ్ళకు 2 గంటలు, 350తో 700 మైళ్ళకు 2 గంటలు. సరిపోయింది.

మీవారు చేసింది ఏమిటి? 900, 700 కూడి సగం చేశారు, 800 వచ్చింది. తీసి సగం చేశారు, 100 వచ్చింది. ఆ 800 మైళ్ళు, గంటకు మైళ్ళు కాదు. గాలి లేకపోతే ఆ సమయంలో విమానం తనంతట తాను వెళ్ళే దూరం అది. ఆ 100 కూడా మైళ్ళే. అదే సమయంలో గాలి విమానాన్ని తోసిన దూరం. వెనుక నుంచి 100 మైళ్ళు తోస్తే 800 కాస్తా 900 అయింది, ఎదురుగా 100 మైళ్ళు తోస్తే 700 అయింది. అంటే ఆయన సూత్రం చక్కగానే పనిచేసింది. వచ్చిన అంకెకు పేరు మాత్రం తప్పు పెట్టారు. అక్కడి నుంచి ఒక్క అడుగు వేస్తే చాలు: గంటకు 400 మైళ్ళు వెళ్ళే విమానం 800 మైళ్ళు వెళ్ళాలంటే 2 గంటలు, ఆ 2 గంటల్లో గాలి 100 మైళ్ళు తోసింది కాబట్టి గంటకు 50. నిజానికి ఇది టేబుల్ కంటే అందమైన దారి. తండ్రీ కొడుకులు ఇద్దరూ గమ్యానికి ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయి ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు.

ఈ మాట ఆయనకు మీరే చెప్పండి. అబ్బాయి ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. "మీకొచ్చిన 100 ఊరికే పోలేదట, అది గాలి తోసిన దూరమట, గంటలతో భాగిస్తే సరిపోయేదట" అనండి. "మీరు తప్పు చేశారు" అన్న మాటకి తలుపులు మూసుకునే మనిషి కూడా ఈ మాటకి కాగితం తీసి చూస్తాడు. చూశాక ఆయనే వెళ్ళి కొడుకుతో చెబితే అంతకంటే మంచిది లేదు. "నీకు అర్థం కాదులే" అన్నందుకు మీరు నొచ్చుకున్నారని కూడా చెప్పండి, కానీ ఈ రెండు మాటలూ ఒకే రోజు చెప్పకండి. లెక్క సంగతి ముందు తేలనివ్వండి.

ఇదే రకం లెక్క ఇంకోటి త్వరలో రావచ్చు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే సూత్రం నమ్ముకున్నవాళ్ళు దాదాపు అందరూ అందులో పడతారు. అదే హవాయి ప్రయాణంలో, రానూపోనూ కలిపి సగటు వేగమెంత అని అడుగుతారు. వెళ్ళేటప్పుడు 480, వచ్చేటప్పుడు 600, కూడి సగం చేస్తే 540 అని రాస్తారు. సగటు వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం: 4,800 ÷ 9, అంటే 533 పైన మూడో వంతు. 540 విమానం గాలి లేనప్పటి వేగం, 533 ప్రయాణం సగటు వేగం. రెండూ వేరు. ఎందుకు తగ్గిందంటే, విమానం ఎదురుగాలిలో 5 గంటలు గడిపింది, వెనుకగాలిలో 4 గంటలే గడిపింది. నష్టపోయిన సమయం ఎక్కువ, లాభపడిన సమయం తక్కువ. గాలే లేకపోతే ఈ ప్రయాణం 8 గంటల 53 నిమిషాల్లో అయిపోయేది. వెళ్ళేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు తిరిగి వస్తుంది కదా అని అందరూ అనుకుంటారు. దాదాపు 7 నిమిషాలు తిరిగి రావు. నాకు ఈ 7 నిమిషాలంటే చాలా ఇష్టం. పిల్లలకు ఇది చూపిస్తే నమ్మరు, మళ్ళీ చేసి చూస్తారు. అలా మళ్ళీ చేసేటప్పుడే లెక్క అర్థమవుతుంది.

నిమిషాల దగ్గర జరిగే ఒక తప్పు కూడా గమనించండి. 5 గంటల 20 నిమిషాలంటే 5.2 గంటలు కాదు, 5 పైన మూడో వంతు. 2,400 మైళ్ళను 5.2తో భాగిస్తే 461 చిల్లర వస్తుంది, అసలు వేగం 450. సమీకరణాలు బాగా చేసే పిల్లలు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు.

"ఇవన్నీ ఎందుకు, నిజంగా ఎవరు చేస్తారు?" అని అబ్బాయి అడగవచ్చు. అడగాలి కూడా. పైలట్లు చేస్తారు. సముద్రం మీద వెళ్ళేటప్పుడు, ఇంజిన్ చెడిపోతే ముందుకు పోవాలా వెనక్కి తిరగాలా అన్నది బయల్దేరేముందే లెక్కకట్టి పెట్టుకుంటారు. ముందుకు వెళ్ళినా, వెనక్కి తిరిగినా ఒకే సమయం పట్టే చోటుని ఈక్వల్ టైమ్ పాయింట్ అంటారు. మనిషి మనసు అది సరిగ్గా సగం దారిలో ఉంటుందంటుంది. గాలి ఉంటే అలా ఉండదు. మన లెక్కలోనే చూడండి. ఎన్ని ఇంజిన్లు చెడిపోతే వేగం ఎంత తగ్గుతుందన్న సంగతి పక్కన పెడదాం. హవాయి వైపు ముందుకు పోతే ఎదురుగాలిలో 480, వెనక్కి తిరిగితే వెనుకగాలితో 600. బయల్దేరిన చోటి నుంచి ఆ బిందువు దూరాన్ని "దూ" అనుకుంటే, దూ ÷ 600 = (2,400 − దూ) ÷ 480. సాధిస్తే 1,333 మైళ్ళు వస్తుంది. సగం దారి 1,200. అంటే సగం దాటి మరో 133 మైళ్ళు పోయేదాకా వెనక్కి తిరగడమే త్వరగా నేల చేరుస్తుంది. ఇది మీ అబ్బాయికి సున్నా పడిన లెక్కకు సొంత అన్నదమ్ముడు: రెండు దూరాలు, రెండు వేగాలు, ఒకే కాలం.

ఇదే దారిలో 1956 అక్టోబరులో పాన్ అమెరికన్ విమానం ఒకటి హొనొలులూ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వస్తూ నడి సముద్రం మీద రెండు ఇంజిన్లు పోగొట్టుకుంది. ముందుకు పోవడానికీ, వెనక్కి పోవడానికీ ఇంధనం చాలదని తేలింది. సముద్రంలో ఉన్న కోస్ట్ గార్డ్ నౌక చుట్టూ తెల్లవారేదాకా చక్కర్లు కొట్టి, వెలుతురు వచ్చాక నీటి మీద దిగారు. అందులోని 31 మందీ బతికారు. అంతటి ఒత్తిడిలో కూడా ఇంత వేగం, ఇంత కాలం, ఇంత దూరం అని వేరువేరుగా లెక్క వేసుకోగలిగారు. ఆ కథ చెప్పి ఈక్వల్ టైమ్ పాయింట్ లెక్క ఇవ్వండి. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు ఇలాంటి వాటికి పెన్సిల్ తీస్తారు.

గాలి పక్క నుంచి వీస్తే ఏం చేయాలని అతను అడిగితే మంచి సూచన. అప్పుడు కలపడం, తీసెయ్యడం చాలదు, కోణాలు కావాలి. అది పై తరగతుల్లో వస్తుంది. ఇప్పుడు ఈ లెక్కలన్నిటిలో గాలి సూటిగా ముందు నుంచో వెనుక నుంచో వస్తుందని అనుకుంటారు.

ఇక మీ ముందున్న దారులు.

మీరే దగ్గర కూర్చోవడం ఒకటి. దీనికి మీరు అల్జీబ్రాలో అబ్బాయి కంటే ముందుండాల్సిన పని లేదు. పైన చెప్పినదంతా మీరు రెండుసార్లు కాగితం మీద చేసుకుంటే సరిపోతుంది. బీకాం చదివినవారికి రెండు సమీకరణాలు పెద్ద అడ్డు కావు. తర్వాత అతను చేస్తుంటే మీరు అడగాల్సింది మీకు ముందే తెలిసిన ప్రశ్నే: "ఈ అంకె ఏంటి? మైళ్ళా, గంటలా, గంటకు మైళ్ళా?" ప్రతి అంకె పక్కనా ఆ మాట రాయించండి. తల్లికి వివరించడానికి అతను కథని మాటల్లో చెప్పాల్సి వస్తుంది, ఎక్కడ ఆగుతాడో మీకు కనబడుతుంది. మొదట్లో "నీకు తెలియదు కదా మమ్మీ" అని విసుక్కుంటాడు, కొంత ఓర్చుకోవాలి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, తనను పక్కన పెట్టారని మీవారికి అనిపించవచ్చు. పక్క గదిలోంచి ఆయన జవాబు అందిస్తే కూర్చున్నదంతా పాడవుతుంది. అందుకని ఆయనకు ముందే చెప్పి మొదలుపెట్టాలి.

ఆయనే చెప్పడం కొనసాగించడం రెండోది. మనసుపెట్టి కొడుకుతో కూర్చునే తండ్రిని ఆపమని నేను తేలిగ్గా చెప్పను. కానీ వరుస మారాలి. టేబుల్ ముందు, సూత్రం తర్వాత. ఆ సూత్రం ఎక్కడ పుట్టిందో ఆయనే రెండు సమీకరణాలు కూడి చూపిస్తే అబ్బాయికి నాన్న మాటా టీచర్ మాటా ఒకటేనని తెలుస్తుంది. ఎవరి మాట వినాలన్న బాధ పోతుంది. ఆయన దీనికి ఒప్పుకుంటే మీ ఇంటికి ఇదే అన్నిటికంటే లాభం. ఆఫీసు నుంచి అలసి వచ్చి కోపం ఆపుకోలేని రోజులే ఎక్కువైతే మాత్రం, కొన్నాళ్ళు ఆయన్ని చివర్లో జవాబు సరిచూసే పనికి పరిమితం చెయ్యమనండి. కేకలు విన్న చోట పిల్లలు ఆలోచించడం మానేసి, ఏం చెబితే నాన్న ఊరుకుంటాడా అని ఊహించడం మొదలుపెడతారు. వర్డ్ ప్రాబ్లమ్‌లో ఊహకి మార్కులు లేవు.

ట్యూషన్ సంగతి. వారానికి ఇన్ని పేజీలని కాగితాల కట్ట ఇచ్చి చేయించే సెంటర్లు మీ ఊళ్ళో చాలా ఉంటాయి. వాటివల్ల చేతివేగం పెరుగుతుంది. మీ అబ్బాయికి అది ఇప్పటికే ఉంది. అక్కడ చేర్పిస్తే డబ్బు ఖర్చయి, భయం అలాగే ఉంటుంది. ఒకరే కూర్చోబెట్టుకుని, "నువ్వు చదివి నాకు చెప్పు" అనే ట్యూటర్ దొరికితే కొన్ని వారాలు పెట్టించడంలో తప్పులేదు. కానీ ఇంట్లో ఇప్పటికే రెండు పద్ధతుల మధ్య నలుగుతున్నవాడికి ఆయన మూడో పద్ధతి నేర్పకుండా చూసుకోవాలి. అంతకంటే ముందు బడిలోనే అడగండి. బడి మొదలవకముందో, వదిలాకో టీచర్లు పిల్లలకు విడిగా సమయం ఇస్తుంటారు. సున్నా పడిన లెక్కను మళ్ళీ చేసి తీసుకెళ్తే చూస్తారా అని అబ్బాయినే మెయిల్ రాయమనండి. మీరు రాస్తే అది ఫిర్యాదు అవుతుంది, అతను రాస్తే అది చదువు అవుతుంది.

ఆనర్స్ మానిపించడం గురించి ఇప్పుడే తేల్చవద్దు. మామూలు క్లాసులో వేగం తక్కువ, ఒత్తిడి తక్కువ, కొందరు పిల్లలకు అది నిజంగా మేలు చేస్తుంది. కానీ మీరుండే టెక్సస్‌లో ఏ క్లాసులో చదివినా ప్రభుత్వ బడి పిల్లలందరూ ఆల్జీబ్రా-1 కోర్సుకు ఒకే రాష్ట్ర పరీక్ష రాయాలి. వర్డ్ ప్రాబ్లమ్స్ నుంచి తప్పించుకునే దారి అక్కడ దొరకదు. పైగా ఈ గొడవ జరిగిన వెంటనే మారిస్తే, "నేను మ్యాథ్ కిడ్‌ని కాదు" అన్న తన మాటకి ఇంట్లో వాళ్ళు ముద్ర వేశారని అనుకుంటాడు. మిగతా అధ్యాయాల్లో కూడా మార్కులు పడిపోతూ, నిద్ర చెడి, పొద్దున్నే బడికి వెళ్ళడానికి టెన్షన్ పడుతుంటే అప్పుడు టీచర్‌తో మాట్లాడి, అతన్నీ కూర్చోబెట్టుకుని నిర్ణయించండి. ఇప్పటికి మీరు రాసినదాన్ని బట్టి అతనికి లెక్కలు వచ్చు. చదివిన కథని కాగితం మీద వేగం, కాలం, దూరం అని విడగొట్టి పెట్టుకోవడం ఒక్కటే రాలేదు. అది ఇంతవరకు ఎవరూ నింపాదిగా నేర్పలేదు.

నాలుగింటిలో ఏది ఎంచుకున్నా, ముందుగా తండ్రీ కొడుకులిద్దరికీ ఈ లెక్క చెరో కాగితం మీద ఇవ్వండి. గాలి లేనప్పుడు గంటకు 120 మైళ్ళు వెళ్ళే చిన్న విమానం, ఎదురుగాలిలో ఒక ఊరికి వెళ్ళడానికి 3 గంటలు, అదే గాలి తోడుగా తిరిగి రావడానికి 2 గంటలు పట్టింది. గాలి వేగమెంత, ఊరు ఎంత దూరం? కూడి సగం చేయడానికి ఇందులో రెండు వేగాలూ లేవు, రెండు దూరాలూ లేవు. వెళ్ళిన దూరం, వచ్చిన దూరం ఒకటే అని పట్టుకుంటేనే దారి దొరుకుతుంది: 3 × (120 − గా) = 2 × (120 + గా). విప్పితే 360 − 3గా = 240 + 2గా, గాలి గంటకు 24 మైళ్ళు. వెళ్ళేటప్పుడు 96 × 3, వచ్చేటప్పుడు 144 × 2, రెండూ 288 మైళ్ళు. జవాబు మీ దగ్గరే ఉంచుకోండి. ఇద్దరూ టేబుల్ వేసి, ప్రతి అంకె పక్కన అది ఏమిటో రాసి చూపించేదాకా ఎవరికీ చెప్పకండి.